చివరి ఇల్లు, వెనక బుచ్చవ్వ

ఇల్లు కొనడమంటే హేమచంద్‌కి మహా భయం. కొనకుండా ఉండిపోవడమంటే శ్రీదివ్యకి అంతకంటే భయం. ఈ రెండు భయాలూ కలిసి అల్వాల్‌లో ఒక అద్దెవాటాలో కాపురం చేస్తున్నాయి. వాటి మధ్యలో లిఖిత అని, రెండో తరగతి చదివే ఒక పిల్ల.

మొగుడూ పెళ్ళాలిద్దరిదీ తణుకు దగ్గర పల్లెలే. అతను సికిందరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో అకౌంట్సు చూస్తాడు. ఆమె అల్వాల్‌లోనే ఒక ప్రైవేటు బళ్ళో పాఠాలు చెబుతుంది. పట్నం వచ్చిన దగ్గర్నుంచీ ఎన్ని ఇళ్ళు మారారో చెప్పడం శ్రీదివ్య మానేసింది. ఒకచోట ఇంటివాళ్ళ తమ్ముడికి పెళ్ళి కుదిరింది, ఖాళీ చెయ్యమన్నారు. ఒకచోట ఇల్లే అమ్మేశారు. ఇంకొకచోట క్యాలెండరు తగిలించడానికి గోడకి మేకు కొట్టారని ఖాళీ చేయించారు. నమ్మండి నమ్మకపోండి, ఒక్క మేకు. ఇప్పటి ఇంటావిడ మర్యాదస్తురాలు కనుక, కూతురు పురిటికొస్తోందనీ దసరాలోపు వేరే చూసుకుంటే బాగుంటుందనీ నవ్వుతూనే చెప్పింది. మర్నాటి నుంచి పంపు దగ్గర వీళ్ళ బిందెలు పక్కకి జరపడం మొదలుపెట్టింది.

అది రెండువేల నాలుగో సంవత్సరం. కొంపల్లిలో విల్లాలు అప్పుడప్పుడే లేస్తున్నాయి గాని, అవి చూసి రావడానికి తప్ప వీళ్ళకి పనికిరావు. మేడ్చల్ దగ్గర ఎవరో చూపించిన వెంచర్లో రాళ్ళు పాతి ఉన్నాయి, ఇళ్ళు లేవు. దసరాకి రాళ్ళ మధ్య కాపురం పెట్టలేరు కదా. చివరికి ఒక శ్రావణమాసపు ఆదివారం ముగ్గురూ బండి మీద హకీంపేట దాటి, తూంకుంట దాటి షామీర్‌పేట వెళ్ళారు. అక్కడ శ్రీదివ్యకి తన ఇల్లు కనిపించింది. తన ఇల్లు అని ఆమె అప్పుడే అనేసుకుంది, అదే వచ్చిన చిక్కు.

కరీంనగర్ రోడ్డు మీంచి లోపలికి ఒక మట్టిదారి, దాని చివర ఒకే వరసలో గోడకి గోడ ఆనించి కట్టిన ఇళ్ళు. కింద హాలూ వంటిల్లూ, పైన రెండు గదులు, ముందు బండి పెట్టుకునేంత చోటు, వెనక కాస్త పెరడు. రాజారావు అనే బిల్డరు వీటిని రో హౌసులనేవాడు. అన్నీ అయిపోయాయి, చివరిదొక్కటే మిగిలింది. తూర్పు ముఖం, పెరడు మిగతావాటికంటే పెద్దది. అంత మంచిది ఎందుకు మిగిలిందని అడగవలసిన మనిషి హేమచంద్. అతను తాళాల గుత్తికి వేలాడే దిక్సూచి చేతిలో పట్టుకుని తిరుగుతూ, గోడ ఉమ్మడిది కదా, రేపెప్పుడైనా పడగొట్టి కట్టుకోవాలంటే ఎలాగని అడుగుతున్నాడు. ముందు కాపురానికి రానివ్వండి, పడగొట్టడం తర్వాత చూద్దామంది శ్రీదివ్య. రాజారావు పకపకా నవ్వి, మీది తణుకూ మాది పెనుగొండా, మనలో మనకి దాపరికాలేమిటండీ అన్నాడు. ఆ ఒక్క మాటతో హేమచంద్ సగం మెత్తబడ్డాడు. ఊరిపేరు చెబితే చాలు, మనవాళ్ళు తాళంచెవులు కూడా చేతిలో పెట్టేస్తారు.

ఆ భూమి అంతకుముందు గాలయ్య అనే రైతుది. జొన్నా కూరగాయలూ పండించేవాడు, పని లేని రోజుల్లో షామీర్‌పేట చెరువులో వల వేసేవాడు. భూమి రాజారావుకిచ్చి కొంత డబ్బూ, వరసలో ఒక ఇల్లూ తీసుకున్నాడు. ఆ ఇల్లు చివరి ఇంటిని ఆనుకునే ఉంది. అంటే రేపు గోడకి ఇటు హేమచంద్ కుటుంబం, అటు గాలయ్య కుటుంబం. మగవాళ్ళిద్దరూ మేడ మీదికి వెళ్ళినప్పుడు శ్రీదివ్య పెరట్లోకి వచ్చింది. సగం పెరడు ఇసుక కుప్పా సెంట్రింగు చెక్కలూ ఆక్రమించి ఉన్నాయి. గాలయ్య అటుపక్క బర్రెకి నీళ్ళు పెడుతున్నాడు.

శ్రీదివ్యకి ఉన్న బెంగ ఒక్కటే. లిఖిత మూడింటికల్లా ఇంటికొచ్చేస్తుంది, తను అల్వాల్ నుంచి బస్సు పట్టుకుని వచ్చేసరికి చీకటి పడుతుంది. కొత్త చోట పిల్ల ఒంటరిగా ఎలా ఉంటుంది? అందుకని గాలయ్యతో మాట కలిపి, ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటారా అని అడిగింది.

"ఉంటది గదమ్మా. మా అమ్మ, బుచ్చవ్వ. గీ ఎనుకనే ఉంటది."

"పగలంతా ఇక్కడే ఉంటారా?"

"ఏడికి పోతది? గీ జాగ ఇడిసి పోనని ఒట్టు పెట్టుకున్నది. మేమంటే పొలం పనికో చెరువుకో పోతం గని, ఆమె ఈడనే."

పిల్లలంటే ఇష్టమేనా అని కూడా అడిగింది శ్రీదివ్య, తన కూతురు సంగతి చెప్పి. గాలయ్య మొహం విప్పారింది. "పిల్లలంటే పానం ఇడుస్తది. మా భవానిని గామెనే పెంచింది. మీ బిడ్డను గూడ సల్లగ జూస్తది, ఏం పరేషాన్ కాకు."

ఇంతకంటే ఏం కావాలి? శ్రీదివ్య ఆ క్షణంలోనే బియ్యం డబ్బా ఎక్కడ పెట్టాలో, మల్లెపందిరి ఎటువైపు వెయ్యాలో అన్నీ ఖాయం చేసేసుకుంది. ఇంటికెళ్ళే దారంతా మొగుడి చెవిలో ఆ ముసలావిడ గురించే చెప్పింది. పక్కనే మనిషి ఉంటుందండీ, పిల్లకి అవ్వ దొరికిందండీ అంది. లిఖితకైతే ఆ రాత్రే అవ్వ గురించి కథ కూడా అల్లి చెప్పేసింది. హేమచంద్ కొట్టుకుని కొట్టుకుని చివరికి బయానా ఇచ్చాడు. బ్యాంకువాళ్ళు అతనొక్కడి జీతం మీద అప్పు ఇవ్వమన్నారు, ఇద్దరి జీతాలూ చూపించి ఇద్దరి పేరునా రాయించుకుంటే సరేనన్నారు. నవరాత్రుల్లో మంచిరోజు చూసి అగ్రిమెంటు మీద సంతకాలు పెట్టుకుందామనుకున్నారు.

ఈలోగా బడికి ఒకరోజు సెలవొచ్చింది. ఎందుకొచ్చిందో శ్రీదివ్య పట్టించుకోలేదు. గోడమీద క్యాలెండరుంటే పెద్దలకి పెట్టుకునే భాద్రపద అమావాస్యని తెలిసేది, కాలు గడప దాటేదే కాదు. మేకు భయానికి ఆ క్యాలెండరు చుట్టి బీరువా మీద పడేశారు మరి. సెలవు కదా, ముసలావిడకి పిల్లని చూపించి, నాలుగు మంచిమాటలు మాట్లాడి అప్పజెప్పి వద్దామని బయల్దేరింది. చేతులూపుకుంటూ ఏం వెళ్తామని అల్వాల్ బజార్లో అరటిపళ్ళూ, ఒక మెత్తటి నేతచీరా కొంది. లిఖితని తీసుకుని షామీర్‌పేట బస్సెక్కింది.

పెరట్లోకి వెళ్ళేసరికి చెక్కలు లేవు, ఇసుక పక్కకి లాగేసి ఉంది. ఆ చోట మోకాలెత్తు గద్దె ఒకటి, అప్పుడే సున్నం కొట్టి బొట్లు పెట్టినట్టుంది. తులసికోట కాబోలనుకుంది శ్రీదివ్య. గాలయ్యా, అతని భార్య మైసమ్మా, కాలేజీకి వెళ్ళే కూతురు భవానీ దాని ముందు కూర్చుని ఉన్నారు. విస్తరిలో అన్నం, చేపల కూర, పక్కన గునుగు పూలు. ఏదో నోముకి అడ్డొచ్చానని మొహమాటపడుతూనే, బుచ్చవ్వగారు లోపలున్నారా అండీ, ఒకసారి చూసి వెళ్తామని వచ్చాం అంది.

మైసమ్మ లేచి వచ్చి ఆమె చేతిలోంచి అరటిపళ్ళూ చీరా అందుకుంది. కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

"గీడనే ఉంది గదమ్మా," అంది. "పెత్రమాస నాడు యాది పెట్టుకొని తెచ్చినవ్. మా అత్తకు అరటిపండ్లంటే మస్తు పానం."

పళ్ళు గద్దె మీద పెట్టింది. చీర మడత విప్పి, ముసలిమనిషికి దుప్పటి కప్పినట్టు ఆ గద్దె మీద పరిచింది. శ్రీదివ్యకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అది తులసికోట కాదు, బుచ్చవ్వ సమాధి. అవ్వ ఏదమ్మా అని లిఖిత అడుగుతోంది. మైసమ్మ ఆ పిల్ల తలమీద చెయ్యి వేసి, దండం పెట్టుకో బిడ్డా, అవ్వ సల్లగ జూస్తది అంది. అదే మాట, గాలయ్య ఆరోజు అన్న మాటే. ఈసారి శ్రీదివ్య చెవికి అది వేరేగా వినబడింది. ఆలోచించకుండానే పిల్ల రెక్క పట్టుకుని వెనక్కి లాగేసింది.

ఆ లాగడం మైసమ్మ చూసింది. ఆమె మొహం మాడిపోయింది. గాలయ్య లేచి నిలబడి, రాజారావు సారు మీకు చెప్పలేదా అని అడిగాడు. భూమి ఇచ్చేనాడు ఊరి పెద్దమనుషుల ముందు రాజారావు ఒప్పుకున్నాడట, తల్లి గద్దె ముట్టననీ, కొనేవాళ్ళకి చెప్పే అమ్ముతాననీ. మీరు గంత మంచిగ అడిగితే మీకు ఎరికేననుకున్నమమ్మా అన్నాడు గాలయ్య. పాపం అతను అబద్ధం ఒక్కటీ ఆడలేదు. వాళ్ళ ఇళ్ళల్లో పోయినవాళ్ళు ఉంటారు, తింటారు, పిల్లల్ని చూస్తారు. శ్రీదివ్య ఊళ్ళో పోయినవాళ్ళు పోతారు, ఫోటో మాత్రం ఉంటుంది. తెలుగు ఒకటే కదా అనుకుని ఇద్దరూ ఎవరి తెలుగు వాళ్ళు మాట్లాడుకున్నారు.

ఇంటికొచ్చి చెప్పగానే హేమచంద్ కళ్ళు తేలేశాడు. తర్వాత ఎగిరాడు. వంటింటి కిటికీ తీస్తే సమాధి కనిపించే ఇంట్లో తను పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనన్నాడు. అమావాస్య పూట పిల్లని తీసుకెళ్ళి సమాధికి దండం పెట్టిస్తావా అన్నాడు. దండం పెట్టించలేదండీ, లాక్కొచ్చేశానంది శ్రీదివ్య. అలా అన్నందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. ఎందుకో మాత్రం అప్పుడు తెలియలేదు.

మర్నాడు సాయంత్రం ఇద్దరూ వెళ్ళి రాజారావుని నిలదీశారు. అతను రెప్ప వెయ్యలేదు. సమాధీ గిమాధీ అని పెద్ద మాటలెందుకండీ, చిన్న గద్దె, జేసీబీ తెస్తే గంట పని అన్నాడు. మరి మీరే ఎందుకు తీయించలేదని హేమచంద్ అడిగాడు. రాజారావు గొంతు తగ్గించి, పెద్దమనుషుల్లో మాటిచ్చాను కదండీ, నేను తీస్తే ఊరు ఊరంతా వచ్చి నా మీద పడుతుంది, కొనుక్కున్నవాళ్ళు తీయించుకుంటే అది వాళ్ళ ఇష్టం, ఎవరూ నోరెత్తరు అన్నాడు. ఆపైన యాప్రాల్ నుంచి ఒక డాక్టరుగారు ఆ ఇంటి కోసం కాళ్ళరిగేలా తిరుగుతున్నాడని కూడా చెప్పాడు.

"మేడంగారు ఊఁ అంటే చాలు. సంతకాల రోజునే ఖాళీ చేయించేస్తాను."

ఖాళీ చేయించడం. ఆ మాట శ్రీదివ్యకి చెంపమీద కొట్టినట్టయింది. ఆ మాట వినీ వినీ ఆమె చెవులు కాయలు కాశాయి. సామాను ఆటోలో ఎక్కిస్తుంటే పైనుంచి ఇంటివాళ్ళు చూస్తూ నిలబడటం, పిల్ల గోడమీద గీసుకున్న బొమ్మకి సున్నం ఖర్చు అడగటం, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఆలోచించుకుని చెబుతామని లేచి వచ్చేసింది. హేమచంద్ మాత్రం గుమ్మం దగ్గర ఆగి రాజారావుతో ఏదో మాట్లాడాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. శ్రీదివ్య దయామయి ఏమీ కాదు. ఆ నాలుగు రోజులూ ఆమె నోటి చివర ఊఁ అన్నది ఆడుతూనే ఉంది. నేనేమన్నా చంపానా ఆవిడని, నేను చెప్పానా అక్కడ పెట్టమని అని బట్టలుతుకుతూ తనలో తనే కొట్లాడింది. ఆమెకీ భయమే. సాయంత్రం లిఖిత ఆ పెరట్లో ఒంటరిగా ఆడుకోవడం ఊహించుకుంటే ఒళ్ళు జలదరించేది. బడి అయ్యాక అల్వాల్ సందులన్నీ తిరిగి అద్దెబోర్డు కనిపించిన ప్రతి గుమ్మమూ ఎక్కింది. ఒకరు పిల్లలు వద్దన్నారు, ఒకరు ఉద్యోగం చేసే ఆడవాళ్ళు వద్దన్నారు, ఒకరు కులం అడిగి ఆగిపోయారు. ఇంటికొస్తే ఇంటావిడ పంపు దగ్గర నిలబడి, ఇల్లు దొరికిందటగా, ఎప్పుడు దిగుతున్నారు అని ఆరా తీసింది. ఆ ఇల్లు వదులుకుంటే దసరాకి పిల్లని తీసుకుని ఎక్కడికి వెళ్ళాలో ఆమెకి నిజంగా తెలియదు.

సంతకాల రోజు పొద్దున్నే బయల్దేరారు. లిఖితని పక్కవాటా వాళ్ళ దగ్గర వదిలారు. బండి మీద హేమచంద్ పెదవి విప్పలేదు. షామీర్‌పేట మట్టిదారిలోకి తిరగగానే ఎందుకు విప్పలేదో శ్రీదివ్యకి తెలిసింది. చివరి ఇంటి వెనక పసుప్పచ్చ జేసీబీ నిలబడి ఉంది. ఇంజను ఆడుతోంది.

"మీరు ఊఁ అనేశారు," అంది బండి దిగి.

"నువ్వు అనలేవని తెలిసే నేనన్నాను," అన్నాడతను. అతని గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది. తన పెళ్ళానికీ పిల్లకీ ఒక కప్పు కావాలి, ఆ పాపమేదో తన నెత్తినే వేసుకుంటే పోతుందనుకున్నాడు పిచ్చిమనిషి. అది తెలిసి ఆమెకి కోపం ఇంకా ఎక్కువైంది.

రాజారావు ఆఫీసు వరసలో మొదటింట్లో ఉంది. అయితే అతను కాగితాలూ కుర్చీలూ పెరట్లోకే తెప్పించాడు, సంతకం అయిన మరుక్షణం పని మొదలవ్వాలని. సారు ఊఁ అన్నారు, మేడంగారిదే ఆలస్యం అన్నాడు, పెన్ను మూత తీస్తూ. నవ్వుతున్నాడు గాని చూపు మాటిమాటికీ ఊరివైపు పోతోంది. గద్దె పక్కన మైసమ్మా భవానీ నిలబడి ఉన్నారు. గాలయ్య లేడు. అతను చూడలేక చెరువు దిక్కు పోయిండని భవాని చెప్పింది. శ్రీదివ్య తెచ్చిన నేతచీర ఇంకా గద్దె మీదే ఉంది, మధ్యలో వాన పడినట్టుంది, మరకలు కట్టి అతుక్కుపోయింది.

మైసమ్మ ఏడుస్తుందనీ, కాళ్ళు పట్టుకుంటుందనీ శ్రీదివ్య భయపడుతూ వచ్చింది. అలా చేసి ఉంటే బహుశా ఆమె కళ్ళు మూసుకుని సంతకం పెట్టేసి పారిపోయేదే. మైసమ్మ అవేవీ చెయ్యలేదు. దగ్గరికొచ్చి, బేరం మాట్లాడుకునే మనిషిలాగా నింపాదిగా అడిగింది.

"తీస్తే తీయుండ్రి గని, గామెను ఏడికి కొంచవోవాల్నో గది జెప్పుండ్రమ్మా. మాకు ఇంక జాగ లేదు. ఉన్నదంత గీ ఇండ్ల కిందికే పోయింది."

ఇంజను గుడగుడమంటోంది. శ్రీదివ్యకి తను అల్వాల్ సందుల్లో ఎక్కి దిగిన గుమ్మాలన్నీ గుర్తొచ్చాయి. ఈవిడ అడిగేదీ తను అడుగుతున్నదీ ఒకటే. నోటి చివర ఆడుతున్న ఊఁ లోపలికి వెళ్ళిపోయింది. ఇంక బయటికి రాదని ఆమెకి తెలిసిపోయింది. అయితే ఇల్లు కూడా ఒదులుకోబుద్ధి కాలేదు. అంత పట్టుదల తనలో ఉందని ఆమెకే అప్పటిదాకా తెలియదు.

కుర్చీలో కూర్చుని, అగ్రిమెంటులో హద్దులు చదవమంది రాజారావుని. అతను వింతగా చూసి, చదివాడు. తూర్పు మట్టిరోడ్డు, ఉత్తరం గాలయ్య ఇల్లు, దక్షిణం పొలం, పడమర ఈ ఇంటి ప్రహరీగోడ.

"పడమర కొట్టెయ్యండి," అంది శ్రీదివ్య. "గద్దెకి ఇవతలే మా హద్దు ఆపెయ్యండి. మా గజాల్లోంచే పోనివ్వండి, ధర తగ్గించమని అడగం. అవతల ముక్క గాలయ్యగారి పెరట్లో కలిపి, పడమర బుచ్చవ్వ స్థలం అని రాయండి."

రాజారావు నవ్వేశాడు. చచ్చిపోయినావిడని హద్దుగా రాస్తే రిజిస్ట్రారు ఆఫీసులో నవ్వుతారండీ అన్నాడు. నవ్వనివ్వండి, కావాలంటే గాలయ్య తల్లి బుచ్చవ్వ అని పూర్తిగా రాయండి, అప్పుడు ఎవరో ఏమిటో తెలుస్తుంది అంది. ఇలా అయితే కష్టమండీ, డాక్టరుగారికి ఫోన్ చేసుకుంటానన్నాడతను, ముందున్న సెల్‌ఫోను చేతిలోకి తీసుకుని. చెయ్యండి, అవ్వ సంగతి ఆయనకి మీరు చెప్పారో లేదో నేనూ కనుక్కుంటాను, చెప్పకపోతే నేనే చెబుతాను, యాప్రాల్ ఎంతో దూరం కాదు అంది శ్రీదివ్య. రాజారావు ఫోను నొక్కలేదు. అలాగని కింద పెట్టనూ లేదు.

అప్పుడు హేమచంద్ వచ్చి ఆమె కుర్చీ మీదికి వంగాడు. మొహం కందగడ్డలా ఉంది. తీసుకొచ్చిన జేసీబీ ముందూ, తమ జిల్లావాడైన రాజారావు ముందూ పరువు పోతోందని అతని బాధ.

"దివ్యా, లే. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

ఆమె తలెత్తి అతని మొహంలోకి చూసింది.

"ఏ ఇంటికండీ?"

హేమచంద్ అల్వాల్ అనబోయి మానేశాడు. తల తిప్పి ఖాళీగా ఉన్న ఆ ఇంటి కిటికీలవంక చూశాడు. తర్వాత గద్దె మీద అతుక్కుపోయిన చీరని చూశాడు, అది ఎవరు తెచ్చారో అతనికి తెలుసు. పెరడు సగం పోతుంది కదే, నీ మల్లెపందిరికి చోటుండదే అన్నాడు చివరికి, చిన్నగా. పోనివ్వండి అంది. నాకు భయం దివ్యా అన్నాడు. అతను అలాంటి మాట ఎప్పుడూ అనలేదు. నాకూ భయమేనండీ అంది శ్రీదివ్య.

హేమచంద్ రాజారావు వైపు తిరిగాడు.

"రాయండి. కానీ ఇటువైపు నిలువెత్తు గోడ మీ ఖర్చుతో కట్టించాలి. వంటింట్లోంచి కనిపించకూడదు."

ఆ గోడ మాట విని శ్రీదివ్యకి ప్రాణం కుదుటపడింది. పైకి చెప్పలేదు గాని అది ఆమెకీ కావాలి. రాజారావు కాసేపు లెక్కలు వేసుకున్నాడు, డాక్టరుని తలుచుకున్నాడు, ఊరిని తలుచుకున్నాడు. మీ ఇష్టమండీ, అంత డబ్బు పోసి జాగా ఒదులుకునేవాళ్ళని నేను చూడలేదన్నాడు. జేసీబీ డ్రైవరుకి చెయ్యి ఊపాడు. ఇంజను ఆగిపోయింది.

టైపుకొట్టిన గీత కొట్టేసి, పైన చేత్తో రాశాడు. అందరూ పక్కన చిన్న సంతకాలు పెట్టాలన్నాడు. మైసమ్మకి ఇంకా నమ్మకం కుదరలేదు. ఏం రాసిండ్రో ఒక్కపారి సదువుండ్రి సారూ అంది. రాజారావు విసుక్కుంటూనే కాగితం ఎత్తి పట్టుకుని గట్టిగా చదివాడు. తూర్పు మట్టిరోడ్డు. ఉత్తరం గాలయ్య ఇల్లు. దక్షిణం పొలం. పడమర గాలయ్య తల్లి బుచ్చవ్వ స్థలం.

అత్త పేరు పైకి వినబడగానే మైసమ్మ, ఆవిడే ఎదురుగా వచ్చి నిలబడినట్టు, గబుక్కున కొంగు నెత్తిమీదికి లాక్కుంది.